పన్నెండు మందికి ఒక తాను గుడ్డ

ఇది మహాయుద్ధం నాటి కథ. సముద్రాల మీద ఓడలు మునిగాయి, ఆకాశంలోంచి బాంబులు పడ్డాయి, సింహాసనాలు తలకిందులయ్యాయి. ఒక ధర్మకాటా ముందు ఒక మనిషి నిజాయితీకి పరీక్ష జరిగింది. ఒక తల్లి ఊపిరి బిగబట్టుకుని కొడుకు రాక కోసం ఎదురుచూసింది. పన్నెండు మంది వీరులు ఒకే వరసలో నిలబడ్డారు.

అంత లేదు. ఓడలూ సింహాసనాలూ వేరేచోట. విశాఖపట్నం మీద పడ్డ బాంబుల చప్పుడు కూడా మాకు అనకాపల్లిలో వినపడలేదు. విన్నామన్నవాళ్లు పేపరు చదివాక విన్నారు. ఆ పన్నెండు మంది వీరులు బెల్లం మండీలో జీతగాళ్లు. వరసలో నిలబడింది దసరా బహుమానానికి. కథంతా ఒక తాను గుడ్డ గురించి.

నేను రిటైరైన మనిషిని. వయసు ఇరవై తొమ్మిది. ఎనిమిదేళ్లు మండీలో బెల్లం రుచి చూసి, ఏది ఏ రకమో తేల్చే గుమస్తాగా పనిచేశాను. కిందటేడు ముందుపళ్లు నాలుగు ఊడిపోయాయి. మిగిలినవి తమ వంతు కోసం కదులుతున్నాయి. పళ్లు లేనివాడికి బెల్లం పలుకు తెలియదు. కాబట్టి ముందు నా పళ్లు రిటైరయ్యాయి, వాటి వెనకాల నేను. నా స్థానంలో చేరినవాడూ, వాడి స్నేహితులూ వచ్చి "ఈ పనిలో తెలుసుకోవలసింది ఏటి?" అని అడుగుతున్నారు. జీతం ఎప్పుడు పెరిగింది, ఎవరు ఎవరికి పైవాడయ్యాడు అన్నవి రాయను. అవి రాస్తే అరపేజీ కూడా నిండదు.

నోటితో చేసే ఉద్యోగం

పని చాలా తేలిక. తెల్లారేసరికి కశింకోట, రావికమతం వైపు నుంచి బళ్లు వస్తాయి. రైతు గోనె విప్పుతాడు. నువ్వు దిమ్మ అంచు కొంచెం పగలగొట్టి వెలుతురులో రంగు చూస్తావు. ముందుపళ్ల మధ్య పెట్టి కొరుకుతావు. పలుకు గట్టిగా పలికితే పాకం సరిగ్గా దిగినట్టు. మెత్తగా అణిగితే వానాకాలం వచ్చేసరికి కరిగి కారిపోతుందని అర్థం. తర్వాత నాలిక మీద పెట్టుకుని కళ్లు మూసుకోవాలి. ఎస్. రాయవరం వైపు సముద్రపు గాలి తగిలే చేలల్లో చెరుకైతే చివర్లో ఉప్పు తగులుతుంది. మాడిన పాకమైతే గొంతులో చేదు మిగులుతుంది. ఉమ్మేసి "ఒకటో రకం" అనో "మూడో రకం" అనో చెప్పాలి.

చెప్పేటప్పుడు రైతు మొహం చూడకూడదు. ఈ ఒక్కటీ ఎవరూ నేర్పరు. నేను చూశాను, చాలాసార్లు. చూసి నవ్వించబోయేవాణ్ని. ఏడాది కష్టాన్ని రెండు మాటల్లో తేల్చేశాక మనిషిని నవ్వించబోవడం తప్పని ఇప్పుడు తెలుస్తోంది.

చేరిన మొదటి సంవత్సరం ఒక పొద్దున ఇంట్లో చద్దన్నంలో ఆవకాయ తిని పనికి వెళ్లాను. కశింకోట నుంచి జోగినాయుడనే రైతు పదిహేను దిమ్మలు తెచ్చాడు. నా నోట్లో ఇంకా ఆవకాయే ఉంది. "రెండో రకం" అన్నాను.

"ఏటి బాబూ, రెండో రకమా? పొయ్యి కాడ నేనూ మా ఆడదీ వంతులేసుకుని కూకున్నాం. ఇంకోపాలి సూడు."

"ఎన్నిసార్లు చూసినా బెల్లానికి చదువు రాదు నాయుడూ, పై క్లాసుకి పంపడానికి" అన్నాను. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు.

నవ్వనిది ఒక్కడే. కాటా దగ్గర నిలబడ్డ ఖాదర్ సాయిబు. ఆయన మా మండీలో తూకం వేసేవాడు. నేను మామా అనేవాణ్ని, ఆయన నన్ను అల్లుడూ అనేవాడు. చుట్టరికం ఏమీ లేదు, పక్క వీధి, అంతే. ఆయన దగ్గరికి వచ్చి నెమ్మదిగా అన్నాడు.

"అల్లుడూ, నీ నోరు ఎర్రగా ఉంది. ఆవకాయేటి?"

"అవును మామా."

"నోరు కడుక్కుని మళ్లీ తిను."

కడుక్కుని తిన్నాను. నిక్షేపంలాంటి ఒకటో రకం. జోగినాయుడికి మాట మార్చి చెప్పాను. ఈ అనుభవం నుంచి నేర్చుకోవలసిన మహాసత్యం: పనిలోకి వెళ్లేముందు ఆవకాయ తినకండి.

ఖాదర్ మామ నేర్పినవి ఇంకో రెండున్నాయి. ముల్లు నిలబడే దాకా కాటా ముందు ఎవరూ మాట్లాడకూడదు. ముల్లు ఊగుతుండగా అంకె చెప్పేవాణ్ని ఆయన మనిషికింద లెక్కేసేవాడు కాదు. రెండోది, ఏ తూకమైనా ముందు గోనె బరువు తీసెయ్యాలి. మండీలో దాన్ని తరుగు అంటాం. నేను రాసిన ప్రతి తూకానికీ ఆయన అడిగే ప్రశ్న ఒక్కటే: "తరుగు తీసేవా అల్లుడూ?" "తీసేను మామా" అనేవాణ్ని. మళ్లీ చూసేవాడు కాదు. ఆ నమ్మకం నాకు మొదట్లో బరువుగా ఉండేది, తర్వాత అలవాటైపోయింది.

మా సంవత్సరాంతాలు

పంచాంగానికి సంవత్సరం ఉగాదితో మారుతుంది. మా మండీకి దసరాతో మారేది. పాత సరుకు అమ్ముడుపోయి, కొత్త చెరుకు ఇంకా గానుగకి రాని ఖాళీ రోజులవి. విజయదశమి నాడు కాటాకి పసుపు రాసి, బొట్టు పెట్టి, దండేసి పూజ చేసేవాళ్లు. తర్వాత షావుకారు గారి ఉపన్యాసం, తర్వాత బహుమానం, తర్వాత భోజనం. ఈ నాలుగింటిలో పొడుగైనది ఉపన్యాసం.

షావుకారు గారు చెడ్డవాడు కాదు. చెడ్డవాడైతే రాయడం తేలికయ్యేది. ప్రతి దసరాకీ మమ్మల్ని సంతోషపెట్టాలని నిజంగానే అనుకునేవాడు. అయితే ఆ సంతోషం ఇంట్లో ఉన్న వస్తువులతోనే జరిగిపోవాలనుకునేవాడు.

నేను చేరిన ఏడు మేమంతా మర్యాదకి తలా రెండు నిమ్మకాయలు చేతిలో పెట్టి దణ్ణం పెట్టాం. గంట తర్వాత విస్తళ్లలో నిమ్మకాయ పులిహోర వచ్చింది. ఎవరి నిమ్మకాయలు వాళ్లం తినేశాం. మరుసటేడు ఫోటో తీసేవాణ్ని పిలిపించారు. అందరం కాటా ముందు మూడు వరసల్లో నిలబడ్డాం. అదే బహుమానమని తర్వాత తెలిసింది. ఆ ఫోటో షావుకారు గారి గదిలో ఇప్పటికీ ఉంది. అందులో నేను కళ్లు మూసుకుని ఉన్నాను. నా వృత్తికి అది సరైన భంగిమేనని నన్ను నేను ఓదార్చుకున్నాను.

ఆ పై ఏడు తలా ఒక బెల్లం దిమ్మ. కొరికి చూస్తే చివర్లో ఉప్పు. ఆర్నెల్ల కిందట నేనే నాలుగో రకమని తేల్చి, ఎవరూ కొనక గొడౌనులో మిగిలిపోయిన సరుకది. మా అమ్మ దానితో పాయసం వండి, "ఇందులో ఉప్పు ఎవరేశార్రా?" అంది. షావుకారు గారని చెప్పాను.

ప్రతిసారీ ఉపన్యాసంలో "యుద్ధ పరిస్థితుల దృష్ట్యా" అనే మాట ఉండేది. యుద్ధానికీ ఉప్పు బెల్లానికీ సంబంధమేమిటని ఎవరూ అడగలేదు. నేను కూడా పక్కవాడి చెవిలోనే అడిగాను.

ఇక్కడ ఒక మాట ఖచ్చితంగా చెప్పాలి. బహుమానం చిన్నదైనందుకు మనిషి బాధపడడు. ఏడాదంతా ఏదో ఒకటి అనుకుని ఉంటాడు, ఆ అనుకున్నదానికీ చేతికొచ్చినదానికీ మధ్య తేడా చూసి బాధపడతాడు. అందుకని నేను ముందే ఏమీ అనుకోకుండా జోకులు తయారుచేసుకుని వెళ్లేవాణ్ని. ఖాదర్ మామ కూడా ఏమీ అనుకునేవాడు కాదు, ఆ ఒక్క ఏడు తప్ప.

ఐదో గుడ్డ

ఆ ఏటికి గుడ్డకి కంట్రోలొచ్చింది. కూపనుంటే కొట్లో గుడ్డ ఉండదు, గుడ్డ ఉంటే నీ వంతు రాదు. మా వీధిలో మంచి పంచె కట్టుకుని వెళ్లేవాణ్ని జనం ఆగి చూసేవారు, ఎవరి పెళ్లో అని.

దసరాకి నెల ముందు ఒక మధ్యాహ్నం ఖాదర్ మామ ఇంటికి వెళ్లాను. వాళ్లమ్మ మంచం మీద ఉంది. ఆమెని నేను మామ్మా అనేవాణ్ని. ఆమెకి నా పేరు గుర్తుండేది కాదు, నవ్వులోడా అని పిలిచేది.

"రారా నవ్వులోడా. ఆ రేకుపెట్టి మూత తియ్యి."

తీశాను. తెల్ల గుడ్డ ముక్కలు మడతపెట్టి ఉన్నాయి. ఉతికి ఎండబెట్టిన వాసన.

"లెక్కెట్టు."

"నాలుగున్నాయి మామ్మా."

"ఐదుండాలి. పోయిన ఆడదానికి చుట్టే కఫన్‌లో ఐదు గుడ్డలు. లోపలివన్నీ అయ్యాయి. పైన చుట్టే పెద్దది లేదు. మూడు గజాలు కావాలి. నా కొడుకు రెండేళ్లనుంచి కొత్త లుంగీ కొనకుండా ఈ నాలుగూ జమచేసేడు. ఐదోది దొరకట్లేదు."

ఖాదర్ మామ గుమ్మంలో నిలబడి నేల చూస్తున్నాడు. ఆయన లుంగీకి మోకాళ్ల దగ్గర మాసిక ఉంది. నాకు అక్కడ ఉండబుద్ధి కాలేదు. ఉండబుద్ధి కాని చోట నేను చేసే పనే చేశాను.

"ఐదోది దొరికేదాకా నువ్వెళ్లడానికి లేదు కదా మామ్మా. కంట్రోలు ఇలాగే ఉంటే నూరేళ్లు గ్యారంటీ."

"నీ నోట్లో బెల్లం పొయ్య! వాయిదా వేయించుకోడానికి అదేం కోర్టేట్రా?" అని నవ్వింది. నవ్వితే దగ్గొచ్చింది. దగ్గు తగ్గాక కొడుకుతో అంది. "పాత దుప్పట్లో మాత్రం చుట్టమాక. మీ నాన్న నన్ను కొత్త బట్టల్తో తెచ్చేడు. అలాగే పంపించు."

ఆ వారంలోనే మండీలో కబురు తెలిసింది. షావుకారు గారు తెలిసినవాళ్ల ద్వారా ఒక తాను తెల్ల లాంగ్‌క్లాతు సంపాదించారట. ఈసారి దసరాకి అందరికీ గుడ్డ. పన్నెండు మందిమి. తానులో దగ్గరదగ్గర నలభై గజాలుంటుందని పెద్ద గుమస్తా జగ్గారావు గారు చెప్పారు.

ఖాదర్ మామ వేళ్లమీద లెక్కపెట్టుకున్నాడు. "అంటే తలా మూడు గజాలు దాటుతాది అల్లుడూ."

"దాటుతుంది మామా."

ఆయన మొహం అలా ఉండగా అంతకుముందు చూడలేదు. మొదటిసారి ఆయన దసరా కోసం ఎదురుచూశాడు.

నా సలహా

విజయదశమి పొద్దున కాటా పూజ అయిపోయింది. తాను బల్లమీద ఉంది, పైన గోధుమరంగు కాగితం. ఖాదర్ మామ ఇంకా రాలేదు. వాళ్లమ్మకి ఆయాసం ఎక్కువైందని హకీము దగ్గరికి వెళ్లాడు.

"ఇది ఎలా పంచుదామయ్యా?" అన్నారు షావుకారు గారు.

"గజంబద్ద కావాలండీ" అన్నారు జగ్గారావు గారు. "బట్టల కొట్లో అడుగుదామంటే వాళ్ల గజంబద్దలు ఇవాళ పూజలో ఉంటాయి. సాయంత్రం దాకా కదపరు."

"మూరలెట్టి పంచీండి బాబూ" అన్నాడు సన్నాసి. అతను బస్తాలు మోసే కళాసీ, ఆరడుగుల మనిషి.

"ఎవడి మూరరా? నీదా? నీ మూరతో కొలిస్తే ఆరుగురికి వచ్చేసరికి తాను అయిపోద్ది" అన్నారు షావుకారు గారు.

అందరూ నవ్వారు. నేను మాట్లాడటానికి అంతకంటే మంచి సమయం ఉండదు.

"మండీలో ఉండి గజాలకోసం వెతుకుతున్నారేమిటి బాబూ? కాటా ఉంది కదా. బెల్లంలాగే తూకం వేసి పంచెయ్యండి."

అది జోకు. కాయితం మీద రాసి ఇస్తాను, అది జోకే. కానీ షావుకారు గారు తొడ మీద చరిచి, "శభాష్! తూకమైతే ఎవడూ నోరెత్తడు" అన్నారు. ఎనిమిదేళ్లలో నా మాట ఒకటి మండీలో అమలైంది, అది ఇదే.

ఖాదర్ మామ లేడు కాబట్టి మొదటి తూకం నన్నే వెయ్యమన్నారు. నేను బుట్టలో పాపాయిని పడుకోబెట్టినట్టు అభినయిస్తూ తానుని కాటాలో పడుకోబెట్టాను. జనం మళ్లీ నవ్వారు. మూడు వీశెల పన్నెండు పలాలు. వీశెకి నలభై పలాలు, అంటే మొత్తం నూట ముప్పైరెండు. పన్నెండు మందికి తలా పదకొండు పలాలు. అంకె ఇంత చక్కగా విడిపోయిందని నేనే మురిసిపోయి గట్టిగా ప్రకటించాను.

బెల్లానికైతే గోనె బరువు తీసేవాణ్ని. గుడ్డకి గోనె ఉండదు కదా.

తూకం

ఖాదర్ మామ వచ్చేసరికి వరస కట్టి ఉన్నారు. సంగతి విని ఒక్క క్షణం నన్ను చూశాడు.

"గుడ్డకి తూకమేటి అల్లుడూ?"

"యుద్ధ పరిస్థితుల దృష్ట్యా మామా" అన్నాను, షావుకారు గారి గొంతుతో.

ఆయన వెళ్లి కాటా దగ్గర నిలబడ్డాడు. ఒక వైపు పదకొండు పలాల రాళ్లు. రెండో పళ్లెంలోకి గుడ్డ మడతలు మడతలుగా దింపడం, ముల్లు నిలబడగానే కత్తిరించడం. తాను సన్నాసి భుజం మీద ఉంది. అతను గుండ్రంగా తిరుగుతుంటే గుడ్డ ఊడి వచ్చేది. గుడికి ప్రదక్షిణ చేసినట్టు ఉంది.

మండీలో ఒక పద్ధతుంది. కాటా పట్టినవాడు ఆఖరి వాటా తీసుకోవాలి. తనకి మంచి ముక్క ఉంచుకున్నాడని ఎవరూ అనకుండా. పెద్దగుమస్తా మొదట, తర్వాత మిగిలినవాళ్లు, నేను పదో మనిషిని, పదకొండు సన్నాసి, పన్నెండు ఖాదర్ మామ.

ఎనిమిది వాటాలయ్యాయి. తాను బాగా సన్నబడింది. సన్నాసి దాన్ని భుజం మార్చుకుంటూ అన్నాడు.

"ఇదేటి బాబూ, గుడ్డ తగ్గేకొద్దీ గట్టిగవతంది? లోన కర్రేదో ఉన్నట్టుంది."

అప్పుడు గుర్తొచ్చింది. తాను చుట్టడానికి లోపల చెక్క పెడతారు. అది కూడా నా నూట ముప్పైరెండు పలాల్లో ఉంది.

ఖాదర్ మామ ముల్లు మీంచి కళ్లెత్తి అడిగాడు. "చెక్కుందేటి లోపల? తరుగు తీసేవా అల్లుడూ?"

అప్పటికి ఎనిమిది మంది గుడ్డలు చంకలో పెట్టుకుని విస్తళ్ల ముందు కూర్చున్నారు. తియ్యలేదంటే వాళ్లందర్నీ లేపి, తలా కొంచెం వెనక్కి కత్తిరించాలి. పోనీ మిగిలిన నలుగురం తలా కొంత తగ్గించుకున్నా సరిపోయేది కాదు గాని, సగమైనా సర్దుబాటయ్యేది. కాకపోతే షావుకారు గారి ఎదుట, పొద్దున్నించీ నవ్వుతున్న జనం ఎదుట, తప్పు నాదని చెప్పాలి.

"తీసేను మామా" అన్నాను. సన్నాసి వైపు తిరిగి, "తాను అన్నాక ఆమాత్రం వెన్నెముక ఉండదట్రా?" అన్నాను. నవ్వారు.

ఖాదర్ మామ మళ్లీ అడగలేదు. ఎప్పుడూ అడిగేవాడు కాదు.

చెక్క అంత బరువు ఉంటుందని నాకు తెలియదు. ఈ వాక్యం నాకు నేను చాలాసార్లు చెప్పుకున్నాను. నిజమే కూడా. అయినా దీని వల్ల ఏమీ తేలికపడలేదు.

నా వాటా మూడు గజాల పైన వచ్చింది. సన్నాసికీ అంతే. సన్నాసి ఆఖరిసారి తిరిగేసరికి భుజం మీద మిగిలింది చెక్క. దానికి చుట్టుకుని మూరెడు గుడ్డ, ఇంకో జానెడు.

షావుకారు గారు లేచి వచ్చి, చెక్కనీ గుడ్డనీ కలిపి పళ్లెంలో పెట్టించారు. ముల్లు ఊగింది. ఖాదర్ మామ ఆగాడు. ఆ క్షణంలో కూడా ముల్లు నిలబడే దాకా ఆగాడు. సరిగ్గా పదకొండు పలాలు.

"మరి తూకం సరిపోయింది కదయ్యా!" అన్నారు షావుకారు గారు. ఆయన గొంతులో నిజమైన ఊరట ఉంది.

అందరూ నావైపు చూశారు. ఏదో ఒకటి అంటానని. అన్నాను కూడా.

"మామా, మాకందరికీ గుడ్డే. నీకు కూర్చోడానికి బల్ల కూడా వచ్చింది."

ఖాదర్ మామ నవ్వాడు. చెక్క చంకలో పెట్టుకున్నాడు. "సరిపోయిందిలే అల్లుడూ" అని భోజనానికి ఆగకుండా వెళ్లిపోయాడు. ఆ ఏడు భోజనం బాగుందని అందరూ అన్నారు. లడ్డు కూడా వేశారట. నాకు గుర్తులేదు, అయినా తిన్నాను.

తర్వాత

నా దగ్గర మూడు గజాల తెల్ల గుడ్డ ఉంది. వీధి దాటితే ఖాదర్ మామ ఇల్లు. ఇందులో ఆలోచించడానికి ఏమీ లేదని మీరంటారు. నేను నాలుగు రోజులు ఆలోచించాను. ఊరికే ఇస్తే ఎందుకిస్తున్నావని అడుగుతాడు. చెప్తే, తీసేనన్నది అబద్ధమని తెలుస్తుంది. చెప్పకుండా ఇచ్చే ఉపాయం కోసం వెతికాను. ఐదో రోజు మా అమ్మ ఆ గుడ్డ తీసుకెళ్లి దర్జీకి ఇచ్చేసింది, నాకు చొక్కాలకి. నేను వద్దనలేదు. లోపల ఎక్కడో, ఇక ఆలోచించక్కర్లేదని హాయిగా కూడా అనిపించింది. ఇది రాయకుండా వదిలేద్దామనుకున్నాను. కానీ ఉద్యోగం అంటే ఏమిటో నిజం చెప్తానని మొదలుపెట్టాను కాబట్టి ఉంచుతున్నాను.

చొక్కాలు కుట్టి వచ్చేసరికి మామ్మ పోయింది.

పొద్దున పదింటికి వెళ్లాను. కొత్త చొక్కా వేసుకోలేదు, ఆమాత్రం తెలివి మిగిలింది. రేకుపెట్టి మూత తీసి ఉంది. పై గుడ్డ సంగతి ఏమిటని పెద్దలు గుసగుసలాడుకుంటున్నారు. ఖాదర్ మామ ఇంట్లో ఉన్న దుప్పటి ఒకటి ఉతికి తెచ్చాడు, అంచుల్లో నీలం గీతలున్నది. పాత దుప్పటి.

మౌల్వీ గారు అది చూసి చాలా మామూలుగా అన్నారు. "శుభ్రంగా ఉంది కదా, పరవాలేదు. లేనప్పుడు మూడు గుడ్డలు చాలు. అదీ లేకపోతే ఒక్కటి చాలు. దీనికింత బాధపడకండి."

అంటే నేను ఇన్ని రోజులు మోసిన ఘోరమైన అపరాధం మత ప్రకారం పెద్ద విషయమేమీ కాదు. నాకు ఊరట కలగాలి. కానీ ఐదు కావాలన్నది మతం కాదు, మామ్మ. పాత దుప్పటి వద్దన్నదీ మామ్మే. ఆమెకి సర్దిచెప్పే మౌల్వీ లేడు.

గోరీలో పైన అడ్డంగా చెక్కలు పేర్చి మట్టి కప్పుతారు. ఒక చెక్క తక్కువైంది. ఖాదర్ మామ ఇంటికి వెళ్లి దసరాకి వచ్చిన ఆ తాను చెక్క తెచ్చి ఇచ్చాడు. సరిపోయింది. మా మండీ దసరా బహుమానాలన్నిటిలో పూర్తిగా పనికొచ్చినది అదొక్కటే.

ఆయన మరుసటి వారం పనికి వచ్చాడు. నాతో మామూలుగానే మాట్లాడాడు. కొత్త బెల్లం దిగడం మొదలైంది. నేను మొదటి బండి తూకం రాసి, ఆయన అడుగుతాడని ఆగాను. ఆయన అడగలేదు. నా చేతిలోంచి కాయితం తీసుకుని, గోనె బరువు తనే వేసుకుని, తనే తీసేసి, కాయితం తిరిగి ఇచ్చాడు. ఆ తర్వాత నేను ఉన్నన్నాళ్లూ అంతే. "తరుగు తీసేవా అల్లుడూ?" అని మళ్లీ ఒక్కసారి కూడా అడగలేదు.

ఏడాది తర్వాత, ఇంకో దసరాకి, ఆపుకోలేక చెప్పేశాను.

"మామా, ఆరోజు నేను తరుగు తియ్యలేదు."

"తెలుసు."

"ఎప్పుడు తెలిసింది?"

"నువ్వు తీసేనన్నప్పుడే. ఎప్పుడూ నావేపు చూసి చెప్పేవోడివి, ఆరోజు సన్నాసి వేపు తిరిగేవు."

"మరి అక్కడే అడగలేదేం?"

"కాటా కాడ నీ మాటే మాట అల్లుడూ. పదిమంది ముందు అది తప్పంటే రేపు రైతులెవరైనా నిన్ను నమ్ముతారేటి?" అన్నాడు. రాళ్లు తుడుచుకుంటూ ఇంకో మాట అన్నాడు. "నువ్వు తర్వాత వత్తావనుకున్నాను. నాలుగైదు రోజులు చూసేను."

దీనికి నా దగ్గర జోకు లేదు. ఎనిమిదేళ్లలో అదొక్కసారే.

కొత్తగా చేరేవాళ్లకి

మీరు అడిగారు కాబట్టి చెప్తున్నాను. దసరా బహుమానం మీద ఏ ఆశా పెట్టుకోకండి. పక్కవాడు మాత్రం ఏదో ఆశ పెట్టుకుని ఉంటాడు, అది ఏమిటో కనుక్కోండి. షావుకారు గారి ఎదుట జోకు వేస్తే అది ఆర్డరైపోవచ్చు. తప్పు చేస్తే ముల్లు ఊగుతుండగానే చెప్పెయ్యండి, నిలబడ్డాక చెప్పడం కష్టం. రోజూ పళ్లు వేపపుల్లతో తోముకోండి, నేను తోముకోలేదు.

ఆ మధ్య బట్టల కొట్టుకి వెళ్లినప్పుడు, లాంగ్‌క్లాతు తానులో పెట్టే చెక్క ఎంత పొడుగుంటుందని అడిగాను. గుడ్డ పన్నా, అదే వెడల్పు, ఎంతో చెక్క అంతే ఉంటుందట. మాకొచ్చిన తాను పన్నా ముప్పైఆరు అంగుళాలు. అంటే సరిగ్గా గజంబద్దంత.